జపాన్ చేతితయారీ వంటకత్తులు: ఎంపిక, పదును, సంరక్షణ

కృష్ణలంక

సభ్యులకు నమస్కారం. ఒసాకాలో ఉంటున్న మా అక్క సంక్రాంతికి విజయవాడ వస్తూ నా కోసం చేతితో తయారుచేసిన వంటకత్తి ఒకటి తెస్తానంది, ఏ రకం కావాలో నన్నే చెప్పమంది. మా ఇంట్లో రోజూ కూరగాయలే ఎక్కువ. చికెన్, చేపలు వండినప్పుడు బజారులోనే ముక్కలు కొట్టించి తెచ్చుకుంటాం. ఇంతవరకు పెద్ద పనులు కత్తిపీట మీద, చిన్న పనులు మామూలు స్టీలు చాకుతో సాగుతున్నాయి. దుకాణాల జాబితాలు చూస్తే సాంతోకు, గ్యూతో, నకిరి అని ఆకారాల పేర్లు, తెల్ల ఉక్కు, నీలి ఉక్కు, వీజీ-10 అని ఉక్కు పేర్లు కలగలిసి కనిపిస్తున్నాయి. ఒక్కటే కొనుక్కునేవారు ముందు ఆకారం చూడాలా, ఉక్కు చూడాలా? మా వీధిలోకి వచ్చే సాన పట్టేవారికి ఇలాంటి కత్తి ఇవ్వవచ్చా? వాడుతున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

ఒసాకా_తెలుగు

కృష్ణలంక గారూ, మీ అక్కగారు ఒసాకాలోనే ఉన్నారు కాబట్టి ఇంటర్నెట్‌లో వెతకవలసిన పని లేదు. నగరం నుంచి రైల్లో కొద్దిసేపు దక్షిణానికి వెళితే సకాయ్ వస్తుంది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకులతో పాటు పొగాకు జపాన్‌కు చేరిన తరువాత, ఆ ఆకును సన్నగా తరగడానికి కావలసిన కత్తులు తయారుచేసి ఈ ఊరు పేరు తెచ్చుకుంది. ఆ కత్తుల నాణ్యత చూసి అప్పట్లో జపాన్‌ను పాలించిన తొకుగావా ప్రభుత్వం వాటికి ప్రత్యేక ముద్ర, గుత్తహక్కు ఇచ్చింది. 1982లో సకాయ్ కత్తులకు జపాన్ ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తింపు ఇచ్చింది.

సకాయ్ పద్ధతిలో ఒక కత్తిని మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి చేయడు. కొలిమి దగ్గర ఉక్కును సాగగొట్టి, కాల్చి, నీటిలోనో నూనెలోనో ముంచి గట్టిపరిచే కమ్మరి ఒకరు. ఆ నల్లని పలకను అరగదీసి అంచు తెచ్చే సానగాడు ఇంకొకరు. పిడి బిగించేవారు మరొకరు. సానగాడి పని దగ్గర నిలబడి చూడదగ్గది. తిరుగుతున్న పెద్ద రాతిచక్రం మీద పలకను కొన్ని క్షణాలు ఆనించి, వెంటనే తీసి, కంటి ఎత్తుకు పట్టుకొని, వెలుతురుకు ఎదురుగా దాని పొడవునా చూస్తాడు. వెంట్రుకవాసి వంపు కనిపించినా, దాన్ని చెక్కదిమ్మ మీద ఉంచి చిన్న సుత్తితో ఒకటి రెండు తట్లు తట్టి మళ్ళీ చూస్తాడు. అరగదీసినకొద్దీ ఉక్కులో ఒత్తిడి సడలి పలక వంగుతుంది కాబట్టి ఈ తట్టడం, చూడడం చివరి దాకా సాగుతూనే ఉంటుంది. మంచి కత్తికి మనం పెట్టే ధరలో పెద్ద భాగం ఈ చూపుకే చెల్లుతుంది.

మీ ప్రశ్నకు వస్తే, ముందు చూడవలసింది ఆకారం. యానగిబా, దేబా, ఉసుబా అనేవి ఒకవైపే వాలు ఉండే కత్తులు, అంటే అంచును ఒక పక్క నుంచే ఏటవాలుగా అరగదీసినవి. పచ్చి చేపను పలుచగా కోయడానికి మొదటిది, చేపను శుభ్రం చేసి ముక్కలు తీయడానికి రెండవది, వృత్తి వంటవారు కూరగాయలు తరగడానికి మూడవది. చూడడానికి ఎంత అందంగా ఉన్నా, వాటి సాన పద్ధతి వేరు, చేతివాటం వేరు. మొదటి కత్తిగా అవి వద్దు. రెండువైపులా వాలున్న వాటిలో సాంతోకు గానీ గ్యూతో గానీ తీసుకోండి. సాంతోకు అన్ని పనులకూ వాడే కత్తి, 165 నుంచి 180 మిల్లీమీటర్ల పొడవుతో ఇళ్ళకు సరిపోతుంది. గ్యూతో 210 మిల్లీమీటర్లదైతే మాంసానికీ కూరకూ ఒకటే చాలు.

సానరాయి

పై సభ్యుడు ఆకారం గురించి చెప్పినదానితో ఏకీభవిస్తూ ఉక్కు సంగతి చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

తెల్ల ఉక్కు, నీలి ఉక్కు అనేవి షిమానె ప్రాంతంలోని యసుగిలో తయారయ్యే కార్బన్ ఉక్కులు. రంగు ఉక్కుది కాదు, దాని మీద అంటించే కాగితానిది. తెల్ల ఉక్కు రెండవ రకంలో కార్బన్ 1.05 నుంచి 1.15 శాతం దాకా ఉంటుంది, వేరే లోహాలు దాదాపు ఏమీ కలపరు. అందుకే అది రాయి మీద తేలిగ్గా అరుగుతుంది, అతి సన్నని పదును తీసుకుంటుంది, కానీ తడి తగిలితే నిమిషాల్లో మచ్చ పడుతుంది. నీలి ఉక్కు రెండవ రకంలో కార్బన్ అంతే, దానికి టంగ్‌స్టన్, కొద్దిగా క్రోమియం కలుపుతారు. పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, రాయి మీద కాస్త మొండికేస్తుంది. క్రోమియం ఉంది కదా అని దాన్ని తుప్పు పట్టని ఉక్కు అనుకోవద్దు. ఆ మోతాదు అందుకు చాలదు.

వీజీ-10 వేరే జాతి. ఫుకుయి ప్రాంతంలోని ఎచిజెన్‌లో తకెఫు స్పెషల్ స్టీల్ సంస్థ దీన్ని తయారుచేస్తుంది. ఇందులో క్రోమియం 15 శాతం దాకా ఉంటుంది, కొద్దిగా కోబాల్టు, వెనేడియం, మాలిబ్డినం కలుస్తాయి. ఇది స్టెయిన్‌లెస్. అదే వర్గంలో, తెల్ల ఉక్కుకు దగ్గరి స్వభావంతో, రాయికి సులువుగా లొంగే గిన్‌సాన్ కూడా ఉంది. నా దృష్టిలో ఇళ్ళలో వాడకానికి అదే అన్నిటికంటే మేలు.

గట్టిదనాన్ని చూపే రాక్‌వెల్ కొలతలో ఈ ఉక్కులు సాధారణంగా 60 దగ్గర, లేదా అంతకు పైన ఉంటాయి. జర్మన్ వంటకత్తులు సాధారణంగా 56 నుంచి 58 మధ్య ఉంటాయి. గట్టిదనం ఎక్కువ కాబట్టి అంచును పలుచగా, ఒక్కో వైపు సుమారు 15 డిగ్రీల కోణంలో నిలపవచ్చు. అదే గట్టిదనం వల్ల అంచు మెలిపెడితే వంగదు, విరుగుతుంది. జపాన్ కత్తి వాడకంలో పాటించే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క కారణం నుంచి పుట్టినవే.

కత్తి కొనే డబ్బులో కొంత పక్కన పెట్టి ముందు సానరాయి కొనండి. రాయి లేకుండా ఎంత గొప్ప కత్తి తెచ్చుకున్నా కొన్ని నెలల్లో అది మామూలు చాకు అవుతుంది. వీధిలో తిరిగే చక్రం మీద మాత్రం పెట్టించవద్దు. పొడి చక్రం వేగానికి పలుచని అంచు క్షణంలో వేడెక్కి, కమ్మరి ఇచ్చిన గట్టిదనం పోతుంది, కోణమూ పాడవుతుంది. ఇది ఆ పనివారిని తక్కువ చేసి చెప్పడం కాదు. కత్తిపీటకూ కొడవలికీ వారి చక్రమే తగినది.

పెరటిమునగ

ఇద్దరి మాటలూ బాగున్నాయి, కానీ మన వంటింట్లో ఏం తరుగుతామో ఎవరూ అడగలేదు. గ్యూతో మొదట మాంసం కోయడానికి పుట్టిన ఆకారం. కృష్ణలంక గారు మాంసం బయటే కొట్టిస్తున్నారు. అలాంటి ఇంటికి నకిరి సరిగ్గా సరిపోతుంది. దాని అంచు దాదాపు తిన్నగా ఉంటుంది, ముక్కు ఉండదు, పలక వెడల్పుగా, పలుచగా ఉంటుంది. తోటకూర కట్ట, గోరుచిక్కుళ్ళు, బెండకాయలు తరిగేటప్పుడు అంచు మొత్తం ఒకేసారి కింది చెక్కకు ఆనుతుంది కాబట్టి సగం తెగి సగం వేలాడే ముక్కలు మిగలవు. క్యాబేజీ సన్నగా తరిగి చూస్తే తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

ఏవి కోయకూడదో కూడా స్పష్టంగా చెప్పాలి. ఆవకాయ ముక్కలు టెంకతో సహా కొట్టడానికి దీన్ని తాకనే వద్దు. దానికి మామిడికాయలు కొట్టే కత్తి ఉంది. కొబ్బరిచిప్ప, ఎముక, ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డకట్టిన మాంసం దగ్గరకు కూడా రానివ్వకండి. గట్టి తొక్క ఉన్న గుమ్మడికాయలో కత్తి సగం దిగి ఇరుక్కున్నప్పుడు అందరం పక్కకు మెలిపెడతాం. అంచు పెచ్చులూడేది ఎక్కువగా అక్కడే. గుమ్మడి, కంద, పనస కత్తిపీట మీదనే కోసి, చిన్న ముక్కలయ్యాక కావాలంటే నకిరి వాడుకోవచ్చు. కత్తిపీటను పంపేయవలసిన అవసరం లేదు.

ఉక్కు విషయంలో మన వంటకు ఇంకో చిక్కు ఉంది. పచ్చి మామిడికాయ, అరటికాయ, అరటిపువ్వు, నిమ్మకాయ, ఉల్లిపాయ మనకు రోజువారీ సరుకులు. కొత్త కార్బన్ ఉక్కు మీద ఇవి తరిగితే కత్తీ నల్లబడుతుంది, ముక్కలూ నల్లబడతాయి, ఒక్కోసారి కూరలో ఇనుప వాసన తెలుస్తుంది. పనివేళ ఫోను మోగినా, పొయ్యి మీద పోపు మాడుతున్నా, కత్తిని తుడవకుండా వదిలి వెళ్ళే ఇళ్ళే ఎక్కువ. కాబట్టి స్టెయిన్‌లెస్ నకిరి, 165 మిల్లీమీటర్లది, నా సలహా.

వంటశాల_డల్లాస్

ఇక్కడ హోటల్ వంటగదిలో రోజంతా కత్తి పట్టుకునే మనిషిగా కార్బన్ ఉక్కు తరఫున ఒక మాట చెప్పాలి. పెరటిమునగ గారు చెప్పిన నల్లబడడం కొత్తలోనే. కొద్దివారాలు వాడాక పలక మీద నీలం, బూడిద రంగులు కలిసిన పూత ఒకటి ఏర్పడుతుంది. అది తుప్పు కాదు. తుప్పు ఎర్రగా, నారింజ రంగులో, చేతికి పొడిలా అంటుతుంది. ఈ పూత స్థిరపడ్డాక ఉల్లిపాయ కూడా చాలావరకు తెల్లగానే ఉంటుంది. తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి పక్కన పెట్టుకొని, ఒక కాయ నుంచి ఇంకో కాయకు మారేటప్పుడు తుడవడం అలవాటు చేసుకుంటే చాలు.

తుడవడం కుదరనివారికి మధ్యేమార్గం కూడా ఉంది: అంచు దగ్గర కార్బన్ ఉక్కు ఉండి, రెండుపక్కలా స్టెయిన్‌లెస్ పొర అతికించిన కత్తులు. బయటికి కనిపించే కార్బన్ గీత అంచు వెంట కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి సంరక్షణ చాలా తగ్గుతుంది, రాయి మీద సులువూ మిగులుతుంది. నీలి ఉక్కు లోపల, స్టెయిన్‌లెస్ పైన ఉన్న నకిరి దొరికితే నేను అదే కొంటాను.

ఉక్కు పేరు కంటే ముఖ్యమైనది, ఎవరూ అడగనిది ఒకటుంది: అంచుకు కాస్త పైన పలక ఎంత మందంగా ఉందో చూడాలి. అక్కడ మందంగా ఉంటే ఎంత పదునైన కత్తి అయినా క్యారెట్టును కోయదు, చీలుస్తుంది. ముక్క టక్కుమని విడిపోయి ఎగురుతుంది. దుకాణంలో మెడ దగ్గర వెన్నును, కొన దగ్గర వెన్నును పక్కపక్కనే చూడమనండి. సుత్తితో సాగగొట్టి జాగ్రత్తగా అరగదీసిన కత్తిలో వెన్ను పిడి నుంచి కొన దాకా క్రమంగా పలుచబడుతుంది.

కృష్ణలంక

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నకిరి వైపే మనసు మొగ్గుతోంది. ఇంకొన్ని సందేహాలు. పలక మీద నీటి అలల్లాంటి గీతలున్న డమాస్కస్ కత్తులు ఎక్కువ ధర పలుకుతున్నాయి. అవి నిజంగా మెరుగైనవా? సుత్తి గుంటలున్న ప్రతిదీ చేతితయారీయేనా? రాయి మీద సాన పట్టడం అసలు తెలియనివారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒసాకా_తెలుగు

అలల గీతలు పక్క పొరలవి. మెత్తని ఉక్కులను పొరలు పొరలుగా అతికించి, అరగదీసి, ఆమ్లంతో తేటపరిస్తే ఆ నమూనా వస్తుంది. కోసే పని మధ్యలో ఉన్న గట్టి ఉక్కుది. డమాస్కస్ అన్న పేరు మొదట వచ్చిన పాత ఉక్కు వేరు; తెలంగాణలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కులో నమూనా లోపలి నిర్మాణం నుంచే పుట్టేది. దానికీ దీనికీ సంబంధం లేదు. అందం కోసం కొనాలనుకుంటే కొనవచ్చు, పదును కోసం కాదు.

సుత్తి గుంటలను యంత్రంతో కూడా ముద్రిస్తారు, వాటిని చూసి నిర్ణయించవద్దు. కొలిమి పొలుసు నల్లగా అలాగే వదిలేసిన కత్తులు, అంటే కురోఉచి రకం, తక్కువ ధరకు దొరికే నిజాయితీ గల సరుకు. మెరుగు పెట్టే ఖర్చు తగ్గుతుంది. చేసిన కొలిమి పేరు, సాన పట్టినవారి పేరు దుకాణదారు చెప్పగలిగితే అదే మంచి ఆనవాలు. ముందే పొరలు అతికించి అమ్మే ఉక్కు పట్టీలను కొని సాగగొట్టే కమ్మరులు చాలామంది ఉన్నారు. అది మోసం కాదు. ఆ పట్టీలతో అద్భుతమైన కత్తులు వస్తున్నాయి. సకాయ్ ఒక్కటే కాదు, ఎచిజెన్‌లోని తకెఫు నైఫ్ విలేజ్‌లో అనేకమంది కమ్మరులు ఒకే ప్రాంగణంలో పనిచేస్తారు, రెండువైపుల వాలున్న పలుచని కత్తులకు వారు ప్రసిద్ధులు. నీగాతా ప్రాంతంలోని సాంజో, షికోకు దీవిలోని తోసా కూడా గుర్తుంచుకోదగ్గవి.

సానరాయి

సాన గురించి అడిగారు కాబట్టి తీరికగా రాస్తాను.

1000 నంబరు రాయి ఒక్కటి చాలు; నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపుగా ఉంటుంది. చేయి కుదిరాక 3000 నుంచి 6000 మధ్యలో రెండవది కొనవచ్చు. కొన్ని రాళ్ళను పది పదిహేను నిమిషాలు, బుడగలు ఆగేదాకా నీటిలో నానబెట్టాలి. కొన్నింటికి పైన నీళ్ళు చల్లితే సరిపోతుంది, నానబెడితే పాడవుతాయి. పెట్టె మీద రాసినదాన్ని పాటించండి. తడిగుడ్డ పరిచి, దాని మీద రాయిని కదలకుండా ఉంచండి.

కోణం కోసం పరికరాలేవీ అక్కరలేదు. నకిరి పలక వెడల్పు 50 మిల్లీమీటర్లనుకుంటే, వెన్ను రాయికి సుమారు 13 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు 15 డిగ్రీలు వస్తుంది. కొన్ని నాణేలు పేర్చి ఆ ఎత్తు ఒకసారి చూసుకొని చేతికి గుర్తు చేయండి. కుడిచేత్తో పిడి, చూపుడువేలు వెన్ను మీద. ఎడమచేతి రెండు వేళ్ళు అంచుకు దగ్గరగా, ఏ భాగం అరగాలో సరిగ్గా ఆ భాగం మీద. అంచు మీ వైపు ఉన్నప్పుడు ముందుకు తోసేటప్పుడు ఒత్తండి, వెనక్కి లాగేటప్పుడు వదలండి. రాయి మీద బూడిద రంగు బురద చేరుతుంది, దాన్ని కడగవద్దు. అరగదీసే పని కొంత అదే చేస్తుంది.

అంచు చేరిందో లేదో కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది. వెన్ను వైపు నుంచి అంచు వైపుకు, అంచును దాటిస్తూ బొటనవేలిని మెల్లగా జారిస్తే, అవతలి వైపున గోరు అంచు తగిలినట్టు సన్నని గరుకు తగలాలి. జపాన్‌లో దాన్ని కాయెరి అంటారు. మడమ (పిడి వైపు చివర) నుంచి కొన దాకా ఆ గరుకు ఎక్కడా తెగకుండా తగిలేదాకా వైపు మార్చవద్దు. కొత్తవారి కత్తి తెగకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే: గరుకు రాకముందే వైపు తిప్పేస్తారు. రెండు వైపులా గరుకు వచ్చాక, ఒత్తిడి తగ్గిస్తూ వైపులు మారుస్తూ దాన్ని తొలగించాలి. చివరిలో కత్తి బరువు తప్ప చేతి బరువు పడకూడదు. ఆ గరుకు మిగిలిపోతే కత్తి మొదటి రోజు బ్రహ్మాండంగా తెగి రెండవ రోజు మొద్దుబారుతుంది.

టమాటా తొక్క మీద కత్తిని ఒత్తకుండా ఆనించి లాగండి; జారకుండా దిగితే సాన సరిపోయినట్టే.

రాయి మధ్యలో గుంట పడుతుంది, దాన్ని కూడా చదును చేయాలి. వజ్రపు పలక ఉంటే మంచిది, లేకపోతే మందపాటి గాజు మీద నీటి ఉప్పుకాగితం పరిచి రుద్దినా పని జరుగుతుంది. గీతలున్న ఇనుప కడ్డీ మీద టకటకలాడించడం మాత్రం చేయవద్దు. గట్టి అంచు దాని మీద సూక్ష్మంగా పెచ్చులూడుతుంది.

ఎడమచేయి

ఎడమచేతివాటం వారికి ఇబ్బంది ఉంటుందా?

ఒసాకా_తెలుగు

ఒకవైపు వాలున్న కత్తులకు తప్పకుండా ఉంటుంది. వాటిని ఎడమచేతికి ప్రత్యేకంగా చేయించుకోవాలి, ధర ఎక్కువ. నకిరి, సాంతోకులకు అంత ఇబ్బంది లేదు. పిడి మాత్రం ఒకపక్క ఉబ్బెత్తుగా ఉన్నది కాకుండా గుండ్రనిదో ఎనిమిది పలకలదో తీసుకోండి.

పెరటిమునగ

పిడి గురించి ఒక విషయం. సంప్రదాయ పిడిని హోనోకి అనే తేలికపాటి చెక్కతో చేసి, పలక దగ్గర గేదె కొమ్ముతో పొన్ను వేస్తారు. ఆ చెక్కకు నూనె పూత ఉండదు. పసుపు చేత్తో పట్టుకుంటే మరక ఉండిపోతుంది, నీళ్ళలో నాననిస్తే ఉబ్బి లోపలి ఇనుముకు తుప్పు పడుతుంది. సింకులో పడేయకూడదు, గిన్నెలు తోమే యంత్రంలో అసలే పెట్టకూడదు. కడిగిన వెంటనే తుడిచి, పిడి కిందికి ఉండేలా కాకుండా అడ్డంగా ఆరనివ్వాలి.

కింద పెట్టుకొని తరిగే పలక కూడా కత్తిలో భాగమే అనుకోండి. గ్రానైట్ గట్టు మీద, గాజు పలక మీద, స్టీలు పళ్ళెంలో పెట్టి తరిగితే ఒక్క పూటలో అంచు పోతుంది. మెత్తని చెక్క పలక కావాలి. జపాన్‌లో హినోకి అనే చెక్క వాడతారు, మనకు మంచి ప్లాస్టిక్ బోర్డు అయినా ఫరవాలేదు. తరిగిన ముక్కలను అంచుతో గీకి బాణలిలోకి తోయకండి, కత్తిని తిరగేసి వెన్నుతో తోయండి.

వంటశాల_డల్లాస్

విజయవాడ వానాకాలం గాలి తడికి కార్బన్ అంచు ఉన్న కత్తి నిలువ ఉంటే మచ్చ పడుతుంది. కొన్నాళ్ళు వాడనప్పుడు కామెలియా గింజల నూనె ఒక చుక్క రాసి పెట్టడం అక్కడి ఆనవాయితీ. వాసన లేని మినరల్ నూనె కూడా పనికొస్తుంది, వంటనూనె మాత్రం జిగటగా గడ్డకడుతుంది. ఎర్ర మచ్చ కనిపిస్తే వంటసోడాను తడిపి, సీసా బిరడా మీద పెట్టి, గీతల దిశలోనే రుద్దండి.

కృష్ణలంక

అక్కతో మాట్లాడాను. నీలి ఉక్కు లోపల, స్టెయిన్‌లెస్ పైన ఉన్న 165 మిల్లీమీటర్ల నకిరి, ఎనిమిది పలకల పిడి, 1000 నంబరు రాయి ఒకటి తెమ్మన్నాను. విమానంలో తేవడానికి ఏమైనా నిబంధనలున్నాయా?

ఒసాకా_తెలుగు

చేతిసంచిలో అనుమతించరు, తప్పనిసరిగా లగేజీలో వేయాలి. దుకాణంవారు అట్టపెట్టెలో గట్టిగా కట్టి ఇస్తారు. ఇంటికి చేరేదాకా విప్పవద్దని చెప్పండి. జపాన్ చట్టం ప్రకారం 6 సెంటీమీటర్లు దాటిన అంచు ఉన్న కత్తిని సరైన కారణం లేకుండా వెంట ఉంచుకొని తిరగడం నేరం. కొన్న కత్తిని మూసిన పెట్టెలో, రసీదుతో ఇంటికి తీసుకువెళ్ళడం అలాంటిది కాదు. చాలా దుకాణాల్లో పలక మీద పేరు చెక్కి ఇస్తారు, కావాలంటే కొనేటప్పుడే అడగమనండి.

సానరాయి

పెట్టె విప్పగానే పలకను వెలుతురులో చూడండి. కార్బన్ అంచున్న కత్తుల మీద దుకాణంలో తుప్పు పట్టకుండా కొన్నిసార్లు లక్క పూత వేస్తారు, అది గోళ్ళరంగు తుడిచే ద్రవంతో పోతుంది. తరువాత సబ్బుతో కడిగి తుడవండి. కొత్త అంచు రెండు మూడు సానల దాకా కాస్త పెళుసుగా ఉండవచ్చు, అప్పుడు సన్నని పెచ్చు ఒకటి లేచినా కంగారుపడి దుకాణానికి తిప్పి పంపకండి. 1000 రాయి మీద ఆ భాగం అరిగిపోయాక లోపలి ఉక్కు నిలకడగా ఉంటుంది. మొదటి వారం ఆకుకూరలు, దోసకాయ, సొరకాయ తరగండి. అరటికాయ, పచ్చి మామిడికాయ పూత ఏర్పడ్డాక మొదలుపెట్టవచ్చు.